ఖలీల్ అంగీ కింది రివాల్వరు

1878 ఏప్రిల్‌లో బురైదా పట్టణానికి ఒక యూరపు బాటసారి చేరుకున్నాడు. అప్పటికే ఏడాదిన్నరగా ఎడారిలో తిరుగుతూ, ఆకలికీ జబ్బుకూ చిక్కిపోయి ఉన్నాడు. ఒంటి మీద అరబ్బు దుస్తులు, వెంట మందుల పెట్టె. చెప్పుకునే పేరు ఖలీల్, చెప్పుకునే వృత్తి హకీము. తాను క్రైస్తవుడినన్న సంగతిని మాత్రం ఎక్కడా దాచలేదు. అతడు దాచిన వస్తువు ఒకటే: అంగీ కింద, శరీరానికి ఆనించి మోస్తూ వచ్చిన రివాల్వరు.

ఆ బాటసారి అసలు పేరు చార్ల్స్ మాంటేగ్యూ డౌటీ. పదేళ్ళ తరవాత, 1888లో, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ముద్రణాలయం ప్రచురించిన ‘ట్రావెల్స్ ఇన్ అరేబియా డిజర్టా’ అతని గ్రంథం. రెండు సంపుటాలు, వెయ్యికి మించిన పుటలు. దీనిని భూగోళ గ్రంథంగా, భాషా ప్రయోగంగా, బదూయిన్ల జీవిత చిత్రంగా పరిశీలించినవారు ఎందరో ఉన్నారు. ఇందులో ఇంకొక విషయం కూడా ఉంది. ఆపద్ధర్మంగా వెంట ఉంచుకునే చిన్న ఆయుధం ఎంతవరకు నమ్మదగినదన్న ప్రశ్నకు ఈ గ్రంథం ఇచ్చే జవాబు ఈనాటి ఆయుధ ప్రియుల వాదోపవాదాలలో దొరికే జవాబుకన్నా లోతైనది.

ఆ వాదోపవాదాలలో తరచుగా వినిపించే సూత్రం ఒకటుంది: పిస్తోలు మొరాయించవచ్చు, రివాల్వరు మొరాయించదు, కనుక ప్రధానాయుధం ఏదైనా, రెండో ఆయుధంగా చిన్న రివాల్వరునే ఉంచుకోవాలి. ఈ సూత్రంలో నిజం ఉంది, కాని సగమే. మిగిలిన సగం తెలియక దానిని నమ్ముకున్నవాడికి, అసలు ఆయుధమే లేనివాడికన్నా ఎక్కువ ప్రమాదం.

ముందు నిజమైన సగం. స్వయంచాలక పిస్తోలులో ప్రతి తూటా పేలుడూ మరుసటి తూటాకు దారి చేయాలి. పేలుడు శక్తితో పైభాగం వెనక్కు జరగాలి, ఖాళీ తొడుగు బయట పడాలి, మ్యాగజీనులోని స్ప్రింగు కొత్త తూటాను పైకి నెట్టాలి, పైభాగం తిరిగి ముందుకు వచ్చి బిగుసుకోవాలి. ఈ గొలుసులో ఏ కొక్కెం జారినా ఆయుధం మౌనం వహిస్తుంది. రివాల్వరులో ఈ పనులన్నీ వేలి బలంతోనే జరుగుతాయి. ట్రిగ్గరు లాగితే సిలిండరు ఒక అర తిరుగుతుంది, సుత్తి వెనక్కు వెళ్ళి పడుతుంది. తూటా తుస్సుమంటే మళ్ళీ లాగడమే. ఆ పాడు తూటా పక్కకు తప్పుకుని కొత్తది ఎదుటికి వస్తుంది. పెనుగులాటలో ఎదుటివాడి ఒంటికి ఆనించినప్పుడు పిస్తోలు పైభాగం వెనక్కు నెట్టుకుపోయి పేలకుండా పోవచ్చు. రివాల్వరుకు ఆ ఇబ్బంది లేదు. సుత్తి పైకి కనబడని నమూనాలను కోటు జేబులో నుంచే పేల్చవచ్చు. మణికట్టు బలహీనంగా ఉన్నా, పట్టు సరిగా కుదరకపోయినా అది తన పని చేస్తుంది. దగ్గరి దూరంలో, రెండు మూడు క్షణాల వ్యవధిలో ముగిసే ఆపదకు దీనికన్నా సరళమైన యంత్రం అరుదు. 1872లో బర్మింగ్‌హామ్‌కు చెందిన వెబ్లీ సంస్థ విడుదల చేసిన ‘బుల్‌డాగ్’ మొదలుకొని, 1950లో స్మిత్ అండ్ వెస్సన్ తెచ్చిన అయిదు తూటాల ‘చీఫ్స్ స్పెషల్’ దాకా పొట్టి గొట్టపు రివాల్వర్లకు దక్కిన ఆదరణకు ఇదే కారణం.

ఇక మరచిపోయే సగం. రివాల్వరు అరుదుగా ఆగుతుంది. కాని ఆగినప్పుడు పిస్తోలు ఆగినట్టు ఆగదు. పిస్తోలులో ఇరుక్కున్న తూటాను అలవాటున్న చెయ్యి రెండు క్షణాలలో వదిలించగలదు. రివాల్వరు బిగుసుకుపోతే చాలాసార్లు బల్లా పనిముట్లూ కావాలి. పైగా ఆయుధం చిన్నదీ తేలికదీ అయ్యే కొద్దీ బిగుసుకుపోయే కారణాలు పెరుగుతాయి. బరువు తగ్గితే కుదుపు పెరుగుతుంది. ఆ కుదుపుకు, ఇంకా పేలని తూటాల గుండ్లు తొడుగులోంచి కొద్దికొద్దిగా ముందుకు జరిగి సిలిండరు ముందు అంచు దాటితే, సిలిండరు ఇక తిరగదు. తూటా అడుగున ఉండే ప్రైమరు వెంట్రుకవాసి పైకి ఉన్నా అది వెనుక పలకకు రాసుకుని తిరుగుడును అడ్డుకుంటుంది. ఖాళీ తొడుగులను బయటికి నెట్టే నక్షత్రాకారపు పలక కింద మాడని మందు రేణువులు నాలుగు చేరితే సిలిండరు సరిగా మూసుకోదు. ఆ పలకను నెట్టే కడ్డీ మరలు వదులైతే సిలిండరు తెరుచుకోదు. కంగారులో వేలిని పూర్తిగా ముందుకు వదలకుండానే మళ్ళీ లాగితే ట్రిగ్గరు మధ్యలో పట్టేస్తుంది, లేదా మంచి తూటాను దాటేస్తుంది.

వీటికి తోడు మోయడంలో వచ్చే తెగుళ్ళు. రెండో ఆయుధం ఉండేది చీలమండ దగ్గరో, జేబులోనో, అంగీ కిందనో. చెమట, దుమ్ము, బట్టల నూగు మొదట చేరేది అక్కడికే. ప్రధానాయుధాన్ని రోజూ చూసుకునే మనిషి రెండోదాన్ని నెలల తరబడి తీసి చూడడు. లోపల తూటాలు పాతబడుతుంటాయి. అతిజాగ్రత్తతో పోసిన నూనె తూటాల అడుగుకు చేరి ప్రైమరును చెడగొట్టవచ్చు. పొట్టి గొట్టం, చూపుకు ఆనని గురి, బరువైన ట్రిగ్గరు కారణంగా, చిన్న రివాల్వరుతో గురి కుదరడం పెద్దదానితో కన్నా కష్టం. అభ్యాసం ఎక్కువ కావలసింది దీనికే. నొప్పి పుట్టించే కుదుపు వల్ల మనుషులు అభ్యాసం మానేసేదీ దీనితోనే. ఉన్న తూటాలు అయిదు. అవి అయిపోతే మళ్ళీ నింపుకునే వ్యవధి ఆపద ఇవ్వదు.

ఈ చిక్కు వైద్యులకు కొత్త కాదు. ఆసుపత్రిలో ప్రాణాపాయ సమయానికని సిద్ధం చేసిన బండిలో ప్రతి వస్తువూ ‘ఒకవేళ’ కోసమే ఉంటుంది. శ్వాసనాళం చూపే లారింజోస్కోపు దీపం వెలుగుతుందా, బ్యాటరీలో శక్తి ఉందా, డీఫిబ్రిలేటరు నేటి ఉదయం పరీక్షకు నిలిచిందా, అదనపు ప్రాణవాయువు సిలిండరు మీటరు ముల్లు ఎక్కడుంది అని ప్రతి రోజూ చూసి సంతకం చేసే ఆనవాయితీ ఊరికే పుట్టలేదు. రోజూ వాడే పరికరం చెడితే ఆ రోజే తెలుస్తుంది. ఎప్పుడూ వాడని పరికరం చెడిన సంగతి అవసరం వచ్చిన నాడే తెలుస్తుంది. అందువల్ల ప్రత్యామ్నాయం అనేది వస్తువు పేరు కాదు, ఒక క్రమశిక్షణ పేరు. ఆ క్రమశిక్షణ లేని చోట రెండోది ఉందన్న ధీమా, మొదటిదాని మీద పెట్టవలసిన జాగ్రత్తను కూడా తగ్గిస్తుంది. రివాల్వరు నమ్మకమైనదా అని అడగడంకన్నా, దాన్ని మోసే మనిషి దానికి నమ్మకంగా ఉన్నాడా అని అడగడం న్యాయం.

డౌటీ గ్రంథం ఈ ప్రశ్నను ఇంకొక మెట్టు ముందుకు తీసుకుపోతుంది. ఆయుధం బాగుంది, మనిషీ సిద్ధంగా ఉన్నాడు. అప్పుడైనా అది ఆపదలో పనికివస్తుందా?

1876 నవంబరులో డమాస్కస్ నుంచి హజ్ యాత్రికుల బిడారుతో బయలుదేరిన డౌటీ, మదాయిన్ సాలెహ్ శిలాశాసనాలు చూసి, బదూయిన్ల గుడారాలలో కాలం గడిపి, హాయిల్ మీదుగా ఖైబర్ చేరి, అక్కడ నెలల పాటు నిర్బంధంలో ఉండి, మళ్ళీ హాయిల్‌కు వచ్చి, అక్కడ నిలవనివ్వక సాగనంపితే బురైదా దారి పట్టాడు. బురైదాలో అతణ్ణి జనం చుట్టుముట్టారు. బట్టలు లాగారు, వస్తువులు దోచుకున్నారు. ఆ గుంపు నుంచి అతడు బతికి బయటపడింది రివాల్వరు బలంతో కాదు. అయిదారు తూటాల ఆయుధం ఒక్క మనిషికో ఇద్దరికో జవాబు చెప్పగలదు. ఊరికి జవాబు చెప్పలేదు. తూటాలన్నీ గురి తప్పకుండా పేలినా, ఆఖరి తూటా తరవాతి క్షణంలో ఆ పరదేశి బతుకు ఎంత? మరునాటికల్లా అతణ్ణి బురైదా నుంచి ఉనైజా దిక్కుకు పంపించివేశారు. వెంట వచ్చిన ఒంటెవాడు నడిదారిలో వదిలేసి పోయాడు. ఈ రెండో ఆపదకూ రివాల్వరు దగ్గర జవాబు లేదు. దారి చూపవలసినవాడు పారిపోతే అతణ్ణి కాల్చి ప్రయోజనమేమిటి?

రివాల్వరు నిజంగా బయటికి వచ్చిన ఘట్టం ప్రయాణం చివరిలో ఉంది. ఉనైజా నుంచి మక్కా దిక్కుకు పోయే నేతి బిడారుతో కలిసి వచ్చిన డౌటీ, క్రైస్తవులకు ప్రవేశం లేని ఆ నగరపు పొలిమేరలలో, ఐన్ అజ్జైమా అనే మజిలీ దగ్గర, బిడారు నుంచి విడిపోవలసి వచ్చింది. సాలెం అనే వ్యక్తి కత్తి దూసి మతం మారమని, లేకుంటే ప్రాణం తీస్తానని మీదికి వచ్చాడు. మజిలీలోని వారు కలగజేసుకోవడంతో అప్పటికి గండం తప్పి, తాయిఫ్‌లో ఉన్న మక్కా షరీఫు ఎదుటికి పంపాలని నిర్ణయమయింది. ఆ దారిలో మళ్ళీ అదే మనిషి, అవే బెదిరింపులు. నెలల తరబడి దాచిన ఆయుధం అప్పుడు చేతిలోకి వచ్చింది. డౌటీ దాన్ని పేల్చలేదు. చివరికి వాళ్ళకే అప్పగించాడు.

పాఠకులలో కొందరికి ఈ ఘట్టం నిరాశ కలిగిస్తుంది, కొందరు దీన్ని క్రైస్తవ సహనానికి నిదర్శనమంటారు, మరికొందరు పిరికితనమంటారు. మూడూ తొందరపాటు తీర్పులే. ఆ క్షణంలో డౌటీ ముందున్న లెక్క యంత్రానికి సంబంధించింది కాదు. ఎదుట ఉన్నవాళ్ళను కాల్చగలడు. ఆ తరవాత తెలియని కొండదారులు, అలసిన శరీరం, రక్తానికి రక్తం అడిగే తెగలు, అడుగడుగునా వేట. ట్రిగ్గరు లాగితే మొదటి గండం తీరుతుంది, రెండోది మొదలవుతుంది. ఆ రెండోదానికి తూటాలు చాలవు. ఆ లెక్క సరైనదని తరవాతి సంగతులు రుజువు చేశాయి. తాయిఫ్‌లో షరీఫు అతణ్ణి ఆదరించి, రక్షణతో జిద్దాకు పంపాడు. 1878 ఆగస్టులో అతడు జిద్దా చేరాడు. చేతికి నెత్తురంటిన పరదేశికి ఆ ఆదరణ దక్కేదని ఊహించడం కష్టం.

దీనికి ఎదురువాదం లేకపోలేదు. రివాల్వరు పేలకపోయినా ఊరికే పోలేదని, ఆఖరి మార్గం ఒకటుందన్న ఎరుక అతనికి 21 నెలల పాటు గుండె నిబ్బరం ఇచ్చిందని, ఆ నిబ్బరం వల్లనే అవమానాలను మాటతో, మౌనంతో ఎదుర్కోగలిగాడని వాదించవచ్చు. ఈ వాదంలో బలం ఉంది. ఆయుధం లేనివాడి ఓర్పుకూ, ఉండి వాడనివాడి ఓర్పుకూ తేడా ఉంటుంది. విధి నిర్వహణలో ప్రతి దినమూ ప్రమాదానికి ఎదురుపోయే పోలీసు అధికారి విషయంలోనూ రెండో ఆయుధానికి న్యాయమైన స్థానముంది. పెనుగులాటలో మొదటిది చేజారినప్పుడు చీలమండ దగ్గరి రివాల్వరు అతని ప్రాణం కాపాడగలదు. కాని ఆ అధికారికి శిక్షణ ఉంది, అభ్యాసం ఉంది, పిలిస్తే వచ్చే సహచరులున్నారు, పేల్చిన తరవాత అండగా నిలిచే చట్టముంది. అతని రివాల్వరు ఒక వ్యవస్థలో ఆఖరి భాగం. వ్యవస్థ లేనివాడి చేతిలో అదే రివాల్వరు ఒంటరి ఇనుపముక్క.

డౌటీకి నిజమైన రెండో అండ ఎక్కడ దొరికిందో గ్రంథం దాచదు. బురైదాకు ఒక పూట దూరంలోని ఉనైజాలో, దేశాలు తిరిగి వచ్చిన అబ్దుల్లా అల్‌కునైనీ అనే వర్తకుడు, బస్సాం కుటుంబీకులు, పట్టణపు అమీరు జామిల్ ఈ పరదేశిని ఆదుకున్నారు. అక్కడా వ్యతిరేకత లేకపోలేదు. ఒకసారి ఊరు దాటించారు కూడా. అయినా మళ్ళీ రప్పించి, ఊరి బయటి ఖర్జూరపు తోటలో ఉంచి, నేతి బిడారుతో సాగనంపేవరకు ఆ స్నేహం చెక్కుచెదరలేదు. ఆ మనుషుల గురించి రాసేటప్పుడు డౌటీ కటువైన వాక్యాలు కూడా మెత్తబడతాయి. రెండు సంపుటాలలో అతని ప్రాణం నిలిపిన సందర్భాలను లెక్కకు తెచ్చుకుంటే, చాలా చోట్ల కనబడేది ఎవరో ఒకరి అతిథి ధర్మం, ఒక ముద్ద అన్నం, ఒక అడ్డుమాట. రివాల్వరు ఖాతాలో పడేవి ఏవీ కనబడవు.

ఈ చర్చ తెలుగు పాఠకుడికి దూరపు ముచ్చట కాదు. భారతదేశంలో 1959 నాటి ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ, ఒక లైసెన్సుదారు ఉంచుకోదగిన తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించింది. అంటే చట్టం దృష్టిలో ‘రెండోది’ ఇప్పటికీ ఉంది. ఢిల్లీ ఘటన తరవాత, 2014లో, కాన్పూరులోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారం మహిళల ఆత్మరక్షణకని ‘నిర్భీక్’ పేరుతో .32 బోరు చిన్న రివాల్వరును విడుదల చేసింది. టైటానియం మిశ్రమ లోహం, బరువు దాదాపు 500 గ్రాములు, ధర 1,22,360 రూపాయలు. చేతిసంచిలో పట్టే ఆ వస్తువును ధైర్యానికి పర్యాయపదంగా ప్రచారం చేశారు. రాత్రి పని ముగించుకుని బస్సు కోసం నిలబడే స్త్రీకి ఆ ధర అందదన్నది ఒక మాట. అందినా, చేతిసంచి అడుగున పడివున్న, ఏడాదికి ఒకసారైనా పేల్చి చూడని రివాల్వరును పెనుగులాట మధ్య వెతికి తీయడం ఎలాగన్నది అంతకన్నా పెద్ద మాట. వెలిగే వీధిదీపం, సమయానికి వచ్చే బస్సు, ఫిర్యాదు రాసుకునే పోలీసు స్టేషను మొదటి అండలు. మొదటివి ఇవ్వలేని వ్యవస్థ రెండోదాన్ని అమ్మజూపడం ధైర్యమనిపించుకోదు.

చివరగా, నమ్మకం అన్న మాటకు వైద్యులు మాత్రమే చూసే అర్థం ఒకటుంది. 1992లో ఆర్థర్ కెల్లర్‌మన్ బృందం న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించిన అధ్యయనం, అమెరికాలోని రెండు కౌంటీలలో ఇంట్లో జరిగిన ఆత్మహత్యలను పరిశీలించింది. ఇంట్లో తుపాకి ఉండడానికీ ఆత్మహత్యకూ మధ్య దాదాపు 5 రెట్ల ముడి కనబడింది. ఇది కారణాన్ని నిరూపించే ప్రయోగం కాదు. పోలిక చూపే అధ్యయనం. కాని దాని వెనుక ఉన్న సంగతి అత్యవసర విభాగంలో పనిచేసే ఏ వైద్యుడికైనా అర్థమవుతుంది. మాత్రలు మింగినవారిలో అత్యధికులు బతుకుతారు. తుపాకితో ప్రయత్నించినవారిలో పదింట తొమ్మిదిమంది దాకా బతకరు. క్షణికమైన నిస్పృహలో మనిషిని కాపాడేది సాధనం మొరాయించడమే. ఎన్నడూ మొరాయించని సాధనం అక్కడ శత్రువు. ఎవరి చేతిలో ఉన్నానో, ఎందుకు పేలుతున్నానో రివాల్వరుకు తెలియదు. దాని విశ్వసనీయతను మెచ్చుకునేవారు ఈ పక్కను కూడా లెక్కలో వేసుకోవాలి.

కనుక, చిన్న రివాల్వరు నమ్మదగినదేనా? యంత్రంగా, కంటికి రెప్పలా చూసుకుంటే, తరచు పేల్చి చూస్తే, కాలం తీరిన తూటాలు మారుస్తూ ఉంటే, చాలావరకు అవును. ఆపద నుంచి గట్టెక్కించే హామీగా మాత్రం కాదు. ఎక్కువమంది సామాన్యులకు దాన్ని కొనకపోవడమే క్షేమం.

డౌటీ గ్రంథం తేలికగా చదివించదు. చాసర్, స్పెన్సర్ కాలపు ఇంగ్లీషును అరబ్బు మాటలతో కలిపి రాసిన వాక్యాలు పాఠకుణ్ణి ఎడారి నడకలాగే అలసట పెడతాయి. అరబ్బుల మతం మీద అతని తీర్పులు చాలా చోట్ల అన్యాయంగా, కరకుగా ఉంటాయి. వాటిని వాటి కాలానికి వదిలేసి చదవక తప్పదు. 1921 నాటి పునర్ముద్రణకు టి. ఇ. లారెన్స్ రాసిన ముందుమాటతో మొదలుపెట్టి, ఓపిక చాలనివారు ఎడ్వర్డ్ గార్నెట్ సంక్షిప్తం చేసిన 1908 నాటి కూర్పును ఆశ్రయించవచ్చు. కాని బురైదా, ఉనైజా అధ్యాయాలను మాత్రం పూర్తి పాఠంలోనే చదవాలి. నేడు ఆ రెండు పట్టణాల మధ్య కారులో అరగంట దారి. ఆ దారిన రోజూ ఉద్యోగాలకు వెళ్ళే పరదేశీయులలో ఎవరి అంగీ కిందా రివాల్వరు లేదు. వాళ్ళకు అండగా ఉన్నది పక్కగది మిత్రుడు, పిలిస్తే పలికే ఇరుగుపొరుగు, కష్టంలో జామీను నిలిచే స్థానికుడు. కునైనీ నాటి నుంచీ ఆ ప్రాంతంలో పరదేశిని కాపాడుతున్నది అదే.